పాట వెంట నడచిన సీమ

పదకవితాపితామహుడని లోకము కొనియాడు తాళ్లపాక అన్నమాచార్యుని జీవితచరిత్రమును ఆయన మనుమడు చినతిరువేంగళనాథుడు ద్విపదగా రచించినాడు. ఆ గ్రంథమున నన్ను అన్నిటికన్న మిక్కిలి ఆనందపరచిన ఘట్టము మహిమలు గలది కాదు, రాజసభలు గలది కాదు. ఒక పసివాడు ఇల్లు విడిచిపోయిన ఘట్టము. తంబుర మీటుకొనుచు పనిపాటలు మరచి తిరుగు బాలుని ఇంటివారు కసరి గడ్డి కోసికొనిరమ్మని పంపిరి. కొడవలి తగిలి చిటికెనవ్రేలు తెగినది. నెత్తురు కారుచుండగా తలయెత్తి చూచిన ఆ ఎనిమిదేండ్ల వానికి, ఆడుచు పాడుచు తిరుపతికి పోవుచున్న యాత్రికుల గుంపొకటి త్రోవన కనబడినది. కొడవలి అక్కడనే పారవైచి, ఇంట చెప్పక, చద్దిమూటయైన కట్టుకొనక, ఆ గుంపులో కలిసిపోయినాడు. ముప్పదిరెండువేల సంకీర్తనలు రచించెనని ప్రతీతిగల మహానుభావుడు తన తొలి ప్రయాణమును గాయకుడుగా గాక, గాయకుల వెంటబడిన శ్రోతగా సాగించెనన్నమాట!

పాట వినుటకై ఊళ్లు దాటిపోయి, ఆకసము క్రింద పడుకొని, ఎవరెవరితోనో అన్నము పంచుకొని తిరుగు జనము నేటి కాలపు వింతయని పలువురు తలచుచుందురు. 1969 ఆగస్టు నెలలో అమెరికాదేశమున న్యూయార్కు రాష్ట్రమందలి బెతెల్ గ్రామపు పాడిపొలములో జరిగిన వుడ్‌స్టాక్ రాక్ సంగీతోత్సవమునకు నాలుగు లక్షలకు పైగా జనము వచ్చిరి. బాటలు క్రిక్కిరిసి కార్లు కదలకపోగా వేలాదిమంది మైళ్లకొలది నడచి చేరిరి. వానలో, బురదలో మూడు రాత్రులకు పైగా గడపిరి. ఆ వేదికపై తొలినాటి రాత్రి మన రవిశంకర్ సితారు మ్రోగించినాడు. ఆ జనసందోహమును చూచి లోకము ఆశ్చర్యపడినది. కాని కడప, కర్నూలు సీమలలో పుట్టిపెరిగినవారికి అందులో పెద్దగా ఆశ్చర్యపడవలసినది లేదు. తాళ్లపాక బాలుడు మొదలుగా ఇక్కడివారు పాట వెంట నడచుచునే యున్నారు.

ఆ బాలుడు పోయిన దారిని కొంచెము తలచుకొనవలెను. రాజంపేట సమీపమందలి తాళ్లపాక నుండి దక్షిణముగా కోడూరు ప్రాంతమునకు, అచట కుక్కలదొడ్డి కడ శేషాచలపుటడవిలో దిగి, కోనలు లోయలు దాటి తిరుమలకెక్కు కాలిబాటను ఈ ప్రాంతమువారు నేటికిని అన్నమయ్య మార్గమనియే పిలుచుచున్నారు. బాలుడు మాత్రము తిరుపతి చేరి, గంగమ్మకు మ్రొక్కి, మెట్లదారిని కొండ యెక్కెనని చరిత్రకారుడు చెప్పుచున్నాడు. మోకాళ్లముడుపు కడకు వచ్చుసరికి ఆకలిచే కన్నులు మూతలుపడ, వెదురుపొద క్రింద నున్న రాతిపై పడిపోయినాడు. కాళ్లకు చెప్పులట్లే యున్నవి. అలమేల్మంగ పెద్దముత్తైదువ రూపమున వచ్చి, ఈ కొండ సాలగ్రామమయము, చెప్పులు విడువుమని బుద్ధిచెప్పి, స్వామి ప్రసాదము పెట్టినదట. బాలుడు ఆమెపై అప్పటికప్పుడొక శతకము చెప్పినాడు. ఆ గుంపులోని గాయకుల పేర్లు ఏ గ్రంథమును చెప్పలేదు. వారు పాడిన పాట యేదియో తెలియదు. కాని తెలుగు సంకీర్తనకు తొలిగురువులు వారేయని నా దృఢవిశ్వాసము.

అన్నమాచార్యుడు 1408లో జన్మించి 1503లో పరమపదించినాడు. 1424లో, పదునారవయేట, స్వామి ప్రత్యక్షము కాగా సంకీర్తనరచన ఆరంభించెనని ఆయన సంకీర్తనలు చెక్కిన రాగిరేకు స్వయముగా చెప్పుచున్నది. ఆ తొంబదియైదేండ్ల జీవితము ఒకచోట కూర్చుండి గడపినది కాదు. అహోబిలమునకు పోయి ఆదివన్ శఠకోపయతి సన్నిధిని వేదాంతము నభ్యసించినాడు. టంగుటూరినుండి ప్రభువు సాళువ నరసింహుడు పిలువగా పోయినాడు. దేవుని కడప వేంకటేశ్వరుని, ఒంటిమిట్ట రాముని, అహోబిల నరసింహుని తన పదములలోనికి తెచ్చుకొన్నాడు. స్వామిపై పాడినట్లు తనపైనను ఒక పదము పాడుమని సాళువ నరసింహుడు కోరినపుడు చెవులు మూసికొని హరిహరీయనెననియు, రాజు కోపించి సంకెలలు వేయించగా పాడినంతనే అవి ఊడిపడెననియు కథ. దానిని నమ్ముటయు మానుటయు ఎవరి యిచ్ఛ వారిది. దారిన పోవువారికొరకు పాటను దాచుకొన్నవాడు రాజుకొరకు దానిని ఈయలేదన్నంత మట్టుకు నేను నమ్ముచున్నాను.

ఆయన కుమారుడు పెదతిరుమలాచార్యుడు, తరువాతివారు ఆ సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయములోనే ఒక చిన్న రాతిగదిలో భద్రపరచిరి. ఆ గది ద్వారమున కిరుప్రక్కల తాళ్లపాకవారి ప్రతిమలు నేటికిని చూడవచ్చును. పిమ్మట ఆ రేకులను లోకము మరచినది. 1816లో మద్రాసున తెలుగు వ్యాకరణము ప్రకటించిన క్యాంబెల్ దొర, తిరుపతి ఆలయమున రాగిరేకులపై కావ్యములు కలవని విని, మనిషిని పంపి పరిశీలింపజేయగా, ఒక వ్యాకరణగ్రంథము తప్ప తక్కినవన్నియు వేంకటేశ్వరునిపై పాటలుగా తేలినవి. ఆ వ్యాకరణమునకు మాత్రము ఆయన ప్రతి వ్రాయించుకొన్నాడు. మనకు కావలసినది ఆయన చేతికి వచ్చియు జారిపోయినది. మరల నూరేండ్లకు పైగా గడచిన పిమ్మట, 1922 ప్రాంతమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు, వారి తరువాత వేటూరి ప్రభాకరశాస్త్రి గారు ఆ నిధిని వెలికిదీసిరి. రేకులు రెండువేలకు పైబడినవి. ముప్పదిరెండువేల సంకీర్తనలలో నేడు మిగిలినవి సుమారు పండ్రెండువేలు.

ఇక్కడనే నా మనస్సు బరువెక్కుచున్నది. రేకుపై పాట కలదు, పాట మొదట రాగము పేరు కలదు. ఆ రాగమున ఆ పాట నడచిన నడక మాత్రము లేదు. అనంతపురపు సీమలోని రాళ్లపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మ గారు 1950ల నాళ్లలో నూటికి పైగా సంకీర్తనలకు స్వరములు కూర్చి తెలుగువారికి మహోపకారము చేసిరి. మనమెరిగిన బాణీలు ఆ తరమువారును తరువాతివారును కూర్చినవేగాని తాళ్లపాకవారివి కావు. రాగి సాహిత్యమును కాపాడినది, సంగీతమును కాపాడలేకపోయినది. సంగీతము దాగియుండినది కంఠములలో. ఆ కంఠములు ఎవరివి? ఆస్థానవిద్వాంసులవి మాత్రమే కావు. కోడూరు అడవిలో చీకటిపడినపుడు భయము తెలియకుండ పాడుకొన్నవారివి, సత్రపుటరుగుపై ఒకరికొకరు నేర్పుకొన్నవారివి, ఇంటికి తిరిగివచ్చి దంచుచు విసరుచు కూనిరాగము తీసిన వారి భార్యలవి. ఆ నడక ఆగిననాడు ఆ బాణీయు ఆగినది. వినుటకై పోవువాడు పాటను అనుభవించువాడు మాత్రమే కాడు, దానిని మోయువాడు కూడనని నేను చెప్పదలచినది ఇదియే.

కడప కర్నూలు మెట్టసీమలకే ఈ తిరుగుడు ఇంతగా ఎట్లు పట్టుబడినదని విచారించినచో, వాన కొంత సమాధానము చెప్పును. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వానతో బ్రతుకు నేల యిది. జొన్న, కొఱ్ఱ, వేరుసెనగ ఇల్లు చేరిన పిమ్మట తొలకరి వరకు మెట్టరైతునకు సేద్యపు పని తక్కువ. ఆ నెలలలోనే శివరాత్రి, ఉగాది, తిరుణాళ్లు, బ్రహ్మోత్సవములు వచ్చును. వాన భయము లేదు; ఆరుబయట దుప్పటి పరచుకొన్న చాలును. బండి కట్టినచో రెండు మూడు దినముల జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, ఒక ముంత నీరు. ఉగాది ముందర కన్నడదేశపు భక్తులు కర్నూలు, ఆత్మకూరుల మీదుగా నల్లమల దాటి శ్రీశైలమునకు పాడుకొనుచు నడచిపోవుట నేటికిని చూచుచున్నాము.

అహోబిలమున ఈ యాత్ర తలక్రిందులైనది. అచట శ్రోత స్వామి కడకు పోవుటకు ముందు స్వామియే శ్రోత కడకు వచ్చును. కనుమనాడు ఎగువ దిగువ అహోబిలముల ఉత్సవమూర్తులు ఒకే పల్లకిలో పారువేటకు బయలుదేరి, సుమారు నలువది దినములు ముప్పదికి పైగా పల్లెలు తిరిగి, ఫాల్గుణమున జరుగు తమ కల్యాణమునకు ప్రతియింటివారిని స్వయముగా పిలుతురు. చెంచులది ఆడపెండ్లివారి పక్షము. వారి చెంచులక్ష్మియే పెండ్లికూతురు. పల్లకి దిగిన ఊర ఆ రాత్రి నిద్ర యుండదు. చెక్కభజన కట్టుదురు: కాళ్లకు గజ్జెలు, రెండు చేతుల చెక్కలు, చెక్కల నడుమ గలగలలాడు సన్నని ఇత్తడి బిళ్లలు, నడుమ గురువు పాట అందుకొని అడుగు మార్చగా, చుట్టు వలయము ఒక్కమారుగా వంగి లేచి ఎదురుజోడుతో చెక్క తాకించును. అడుగు తప్పినవాడు మరుక్షణము సవరించుకొనును, పాట ఆగదు. పొరుగూరివారు చూడవచ్చి అడుగు నేర్చుకొనిపోవుదురు. తాళ్లపాకవారి బాణీ పోయినను, పాటను అడుగుతో కట్టి ఊరూరికి మోయు విద్య ఇచట పోలేదు.

అన్నమాచార్యుని తరువాతి మూడు శతాబ్దములను త్వరగా దాటుచున్నాను. బనగానపల్లెలో పసులు కాచిన వీరబ్రహ్మేంద్రస్వామి కందిమల్లాయపల్లెలో మఠము నిలిపిన పిమ్మట, ఆయన తత్వములు ఏకతారలపై ఊరూర తిరిగినవి. శిష్యులలో దూదేకుల సిద్ధయ్య అగ్రగణ్యుడు. కడప పెద్దదర్గా ఉరుసు రాత్రులలో ఖవాలీ వినుటకు మతభేదము లేక జనము చేరుదురు, సంగీతదర్శకుడు ఏ.ఆర్. రహమాన్ కూడ ఆ ఉరుసునకు వచ్చుచుండును. కర్నూలు పడమటిదిక్కున దేవరగట్టు మాళమల్లేశ్వరుని కడకు దసరానాడు గొరవయ్యలు వత్తురు: నల్లగొంగడి, తలపై ఎలుగుబంటి వెంట్రుకల కుచ్చుటోపీ, ఒక చేత డమరుకము, ఒక చేత పిల్లనగ్రోవి.

1871 నాటికి మద్రాసు రైలుదారి కడప మీదుగా రాయచూరు చేరి బొంబాయిదారితో కలిసినది. అప్పటి దత్తమండలములలో అంతకుముందు బండితో దినములు పట్టిన ప్రయాణము రాత్రిలో ముగిసినది. ఆ పిమ్మట బళ్లారిలో ధర్మవరము కృష్ణమాచార్యుల సరసవినోదినీసభ నాటకమునకు పాటను మేళవించినది. కడప మండలమున సురభియను పల్లెలో 1885లో వనారస గోవిందరావు గారు కీచకవధ ప్రదర్శించి ఒక సమాజమును నిలిపిరి. తోలుబొమ్మలాడించిన వంశమువారు తామే బొమ్మల స్థానమున నిలిచిరి. ఇంటిల్లిపాది నటులై, వంటపాత్రలతో సహా ఊరినుండి ఊరికి సాగిరి.

పద్యనాటకపు రాత్రులను చూచినవారు మాత్రమే ఈ సీమవారి పాటపిచ్చిని కొలువగలరు. సాయంకాలమునకే బండ్లు విప్పి, ఎద్దులకు చొప్ప వేసి, చాపలు పరచి చోటు పట్టుదురు. పెట్రోమాక్సు దీపమునకు గాలి కొట్టువాడొకడు రాత్రియంతయు మేలుకొనియే యుండవలెను. హార్మోనియపు శ్రుతి లేవగానే పిల్లలతో సహా సద్దుమణగును. హరిశ్చంద్రుని కాటిసీను పద్యము చివర రాగము తీసి నటుడు నిలువగా వన్స్‌మోరని వెనుకనుండి కేక, రెండవమారు పాడును, మూడవమారు పాడినచో తెల్లవారునని ఎవరును తలచరు. అక్షరములు రాని రైతు తిరుపతి వేంకటకవుల పద్యము పొల్లుపోకుండ అప్పజెప్పుట నేను విన్నాను. ఆయన దానిని గ్రంథమున చదువలేదు. పది ఊళ్లు తిరిగి పది కంఠములలో విన్నాడు. ఏ నటుడు ఏ చరణమున ఎంతసేపు రాగము నిలిపెనో గూడ చెప్పగలడు. అట్టి శ్రోతల యెదుట పాడుటకు నటుడు భయపడెడివాడు, ఆ భయము వలననే బాగుపడెడివాడు. ఆ శ్రోతను మనము పోగొట్టుకొన్నాము. ఇది చిన్న నష్టము కాదు.

తెలుగువారి గుంపులు నేడు తక్కువ కాలేదు. 2009 మే 10న సికింద్రాబాదు పరేడ్ మైదానమున, అమెరికాలోని సిలికానాంధ్ర సంస్థ పిలుపుపై, లక్షన్నరకు పైగా జనము ఒక్కగొంతుతో అన్నమయ్య సప్తగిరి సంకీర్తనలు పాడిరి. అది గిన్నిస్ పుటలకెక్కినది. గండికోట ఉత్సవములలో పెన్న లోయ అంచున విద్యుద్దీపముల క్రింద పాటకచ్చేరులు జరుగుచున్నవి. ఇవి సంతోషింపదగినవే. కాని వచ్చి, విని, చేతిఫోనున పట్టుకొని, ఆ రాత్రియే బస్సెక్కిపోవు శ్రోతకు ప్రక్కవాని పేరు తెలియదు. ఫోనున పాట నిలుచును, రాగిరేకున నిలిచినట్లే. కంఠమున నిలుచుటకు దారి కావలెను, తోడు కావలెను, మజిలీ కావలెను.

తిరుమల తిరుపతి దేవస్థానమువారి దాససాహిత్య ప్రాజెక్టు మూడునెలలకొకమారు జరుపు మెట్లోత్సవమునకు ఆంధ్ర, కర్ణాటక, తమిళదేశముల భజనమండలులు అలిపిరి కడకు చేరి, పాడుచు కొండ యెక్కుచున్నవి. సీమ పల్లెల చెక్కభజన గురువులు ఇప్పటికిని శిష్యులను తయారుచేయుచున్నారు. వారికి సన్మానముల కన్న ముందు కావలసినవి త్రోవన ఒక సత్రము, త్రాగునీరు, పాడుటకు ఒక రాత్రి, వినుటకు పొరుగూరివారు. ప్రతి వైశాఖపూర్ణిమకు తాళ్లపాకలో జయంతి జరుపుకొనునపుడు కడప, కర్నూలు పల్లెల మండలులను కాలినడకన రప్పించి, ఒక ఊరి పాట వేరొక ఊరికి నేర్పించి పంపినచో, మరియొక అయిదువందల ఏండ్లకు పిమ్మట మన బాణీలను వెదకువారికి రేకులతో పాటు కంఠములు కూడ దొరకును. ఇది ప్రభుత్వమునకు పెద్ద వ్యయము కాదు, పల్లెకు పెద్ద భారము కాదు. పాట వెంట నడచుట ఈ సీమకు క్రొత్తగా నేర్పవలసిన విద్యయు కాదు.