తవుడూ గుండెదడా: సర్కారు జిల్లాల పాత కథ

తినే తిండికీ గుండె లయకూ సంబంధం ఉన్నదా అన్న ప్రశ్న ఈ రోజులలో తరచుగా వినబడుతున్నది. పొట్లాలలో వచ్చే తినుబండారాలలోని రంగుల మీద, నిలవ ఉంచే మందుల మీద, అజినోమోటో మీద అనుమానాలు ఎక్కువ. వీటిలో కొన్నిటికి ఆధారం ఉన్నది, కొన్నిటికి లేదు. మితిమీరిన మద్యం గుండె లయను తప్పించడం నిజం. అతిమధురం ఎక్కువ మోతాదులో చాలాకాలం తింటే ఒంట్లో పొటాషియం తగ్గి గుండె కొట్టుకొనే తీరు చెడడమూ నిజమే. మన వైద్యగ్రంథాలు మెచ్చుకొన్న మూలిక కదా అని దానికి మినహాయింపు లేదు. అజినోమోటో విషయంలో మాత్రం అంత గట్టి నిదర్శనం దొరకలేదు. 1965–66లో కెనడా దేశపు క్విబెక్ నగరంలో బీరు నురుగు నిలవడం కోసం కోబాల్టు కలిపితే 48 మందికి గుండె కండరం దెబ్బతిన్నది, వారిలో 20 మంది చనిపోయారు. వారు విపరీతంగా తాగేవారు, తిండి సరిగా తిననివారు.

అది తిండిలో ఒకటి కలిపినందువలన వచ్చిన ముప్పు. మన ఉత్తర సర్కారులలో తిండివలన గుండెకు కలిగిన ముప్పు ఒకటి ఉన్నది. అది తిండిలోనుంచి ఒకటి తీసివేసినందువలన వచ్చినది. దాని పేరు బెరిబెరి. గోదావరి, కృష్ణా డెల్టాల చరిత్ర వ్రాసేవారు ఆనకట్టను, కాలువలను, పంటను వర్ణిస్తారు. వర్ణించవలసినదే. ఈ వ్యాధి మాట మాత్రం తెలుగులో నాకు ఎక్కడా విరివిగా కనబడలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

బెరిబెరి సింహళ పదమంటారు. వ్యాధి రెండు రూపాలలో వస్తుంది. ఒకటి నరాలను పట్టి కాళ్ళు తిమ్మిరెక్కించి, కండలు కరిగించి, మనిషిని నడవకుండా చేస్తుంది. రెండవది గుండెను పడుతుంది. పాదాలు, పిక్కలు నీరు పట్టి ఉబ్బుతాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం, ఊరక కూర్చున్నా గుండెదడ. ఇక్కడ సాధారణంగా లయ తప్పడంకంటె వేగం మితిమీరడమే ముఖ్యలక్షణం. గుండె పరుగులు తీస్తూ తీస్తూ పెద్దదై, ఒకనాడు చేతులెత్తివేస్తుంది. ఒక్కొక్కప్పుడు ఇదంతా గంటల వ్యవధిలో ముగిసిపోతుంది.

ఈ రోగాన్ని గురించిన తొలి పెద్ద గ్రంథాలలో ఒకటి మన ప్రాంతాన్ని ఆధారం చేసికొని పుట్టినదే. మద్రాసు సైన్యంలో వైద్యుడైన జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ 1835లో బెరిబెరి చరిత్రను, చికిత్సను గురించి పుస్తకం వ్రాసి మద్రాసులో అచ్చువేయించాడు. ఉత్తర సర్కారులలో కాపున్న సిపాయీలను ఈ రోగం పీడించేది. కారణం తెలియదు కనుక మందు ఊహనుబట్టి వేసేవారు. వాటిలో ఒకటి నల్లనూనె. మాలకంగుణి, అనగా సంస్కృతంలో జ్యోతిష్మతి, ఆ గింజలనుండి మాడ్చి తీసిన తైలం. అది మంచిది కావలెనంటే విశాఖపట్టణంలోనో ఏలూరులోనో కొనవలెనని ఆనాటి ఓషధి గ్రంథాలు చెప్పుతున్నాయి. రోగమున్న చోటనే మందుకూ పేరు వచ్చినదన్నమాట.

ఇక్కడ చదువరికి ఒక సందేహం రావలెను. 1835 నాటికి మరబియ్యం ఎక్కడిది? ధవళేశ్వరం ఆనకట్ట పనే 1847లో మొదలై 1852లో ముగిసినది. నిజమే. కాని రోకలితోకూడ బియ్యాన్ని తెల్లగా దంచవచ్చును. బత్తెం బియ్యం మీద, కొట్లలో నిలవ ఉన్న బియ్యం మీద బతికే సిపాయికి ఇంటి కూర, పప్పు, పెరటి ఆకు అందవు. యంత్రం వచ్చి చేసినదేమంటే, బారకాసులలోని రోగాన్ని ఇండ్లలోకి తెచ్చినది.

తవుడుకూ ఈ రోగానికీ ఉన్న ముడి జావాలో విడివడినది. అక్కడ డచ్చి వైద్యుడు ఐక్మన్ 1890 ప్రాంతాలలో పెంచిన కోళ్ళకు హఠాత్తుగా కాళ్ళు పడిపోయాయి, తరువాత హఠాత్తుగానే కోలుకొన్నాయి. విచారిస్తే తేలినదేమి? ఒక వంటవాడు సైనికాసుపత్రిలో మిగిలిన తెల్లన్నం కోళ్ళకు వేసేవాడు. కొత్తగా వచ్చిన వంటవాడు, సైన్యంవారి అన్నం పౌరుల కోళ్ళకెందుకని ఆపివేశాడు! ఆ పిసినిగొట్టుతనం వైద్యశాస్త్రానికి మహోపకారం చేసినది. 1929లో ఐక్మన్‌కు నోబెల్ బహుమానంలో భాగం వచ్చినది.

వడ్లకు పైన ఉండేది ఊక. అది దంచి చెరిగితే పోతుంది, పోవలసినదే. ఊకదంపుడు అన్న మాట అందుకే పుట్టినది. దాని కింద గింజను అంటిపెట్టుకొని సన్నని గోధుమవన్నె పొర ఉంటుంది. అదే తవుడు. థయమిన్ అనే బి1 విటమిను ఆ పొరలోను, మొలక మొదలులోను ఎక్కువగా ఉంటుంది. ముడిబియ్యంలో నూరు గ్రాములకు సుమారు 0.4 మిల్లీగ్రాములు. బాగా పాలిష్ పట్టిన పచ్చిబియ్యంలో 0.05 నుండి 0.07. పెద్దవారికి రోజుకు కావలసినది ఒక మిల్లీగ్రాముకు కొంచెం పైన. అరకిలో తెల్లబియ్యం వండుకొని తిన్నా మూడో వంతు కూడ అందదు. పైగా మనవారు బియ్యం రెండు మూడు నీళ్ళు కడుగుతారు, గంజి వారుస్తారు. మిగిలినదానిలో సగానికి పైగా అక్కడ పోవచ్చును. శరీరంలో దీని నిలవ రెండు మూడు వారాలకు మించి రాదు. తవుడు గొడ్లకు, బియ్యం కడుగు కుడితి గోలేనికి, మల్లెపూవులాంటి అన్నం మనిషికి. ఈ పంపకంలో లాభపడినది పాడిగేదె. గంజి పోసి నిలవ పెట్టిన తరవాణి కుండలు ఉన్న ఇండ్లలో, చద్దన్నంలో గంజి పోసికొని తాగే ఇండ్లలో, కొంత తిరిగి కడుపులోకి చేరేది. నాగరికత ముదిరి అవి నామోషీ అయినవి.

ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో డెల్టాలో రైసు మిల్లులు వెలసినవి. అంతకంతకు రోళ్ళు మూలపడినవి. అయితే మిల్లులు తమిళదేశంలోనూ వచ్చినవి కదా, అక్కడ బెరిబెరి ఎందుకు ప్రబలలేదు? దీనికి జవాబు ఉప్పుడు బియ్యం. వడ్లు నానబెట్టి, ఉడకబెట్టి, ఎండబెట్టి ఆపైన మర పట్టిస్తే, తవుడులోని విటమిను నీటితోపాటు గింజలోపలికి దిగుతుంది. తరువాత పాలిష్ పట్టినా నూరు గ్రాములకు 0.2 మిల్లీగ్రాముల వరకు మిగులుతుంది. తమిళుల పుళుంగల్ అరిసి అదే. మన కోస్తావారికి ఉప్పుడు బియ్యపు వాసన గిట్టదు. పచ్చిబియ్యమే అన్నమని మన నమ్మకం. దేశంలో బెరిబెరి ప్రధానంగా ఈ ఉత్తర సర్కారులకే పరిమితమై కనబడడానికి ఇదే మూలమని పరిశోధకులు తేల్చారు. ఒక వాసన నచ్చకపోవడం ఇంత పని చేస్తుందని ఎవరనుకొంటారు!

ఆ పరిశోధకుల కథ కూడ మనదే. 1918లో నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెక్కారిసన్ ఒక చిన్న గదిలో బెరిబెరి విచారణ ప్రారంభించాడు. 1924లో నారిస్‌తో కలిసి బియ్యానికీ బెరిబెరికీ గల సంబంధంపై గ్రంథం వెలువరించాడు. ఆయన తరువాత ఎయిక్రాయిడ్ 1940లో సహచరులతో భారతదేశపు బియ్యం సమస్యను గురించి వ్రాశాడు. ఆ ఒక్క గది పెరిగి పెరిగి 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. తార్నాక దారిన పోయేవారిలో ఆ సంస్థకు మూలం మన సర్కారు జిల్లాల రోగమని ఎందరికి తెలుసు?

అన్నిటికంటె బాధాకరమైన భాగం పసిపిల్లలది. ఎయిక్రాయిడ్, కృష్ణన్ 1941లో మద్రాసు రాజధానిలోని బెరిబెరి ప్రాంతపు శిశుమరణాలను పరిశీలించి ప్రకటించారు. తల్లి తిండిలో బి1 లేకపోతే పాలలోనూ ఉండదు. తల్లి చూడడానికి ఆరోగ్యంగానే ఉంటుంది. రెండు మూడు నెలల బిడ్డ పాలు మానుతుంది, ఏడుస్తుంది గాని గొంతు పెగలదు, ఎగశ్వాస పెట్టి, గుండె ఆగి పోతుంది. బొద్దుగా ఉన్న బిడ్డ ఒక్క రాత్రిలో పోతే మన పల్లెలలో దిష్టి అనో బాలగ్రహమనో అనుకొనడంలో వింత లేదు. పుట్టిన బిడ్డలందరినీ అదే ఈడులో పోగొట్టుకొన్న ఇల్లాలిని ఎన్ని మాటలు అని ఉంటారో! ఆమె చేసిన తప్పల్లా అందరూ మెచ్చిన బియ్యం వండడమే.

ఈ విటమినును కృత్రిమంగా తయారుచేసినవాడు తెలుగునేల మీద పుట్టినవాడు. రాబర్ట్ విలియమ్స్ 1886లో నెల్లూరులో బాప్టిస్టు మిషనరీల ఇంట జన్మించాడు. 1910లో మనీలాలో ఉండగా, చావుకు సిద్ధమైన బిడ్డ నోట తవుడు కషాయం చుక్కలు పోస్తే గంటలలో తేరుకొనడం కళ్ళారా చూశాడు. ఆ తరువాత ఇరవై ఆరేండ్లు ఆ చుక్కలలోని పదార్థం వెంటబడ్డాడు. జీవనోపాధి టెలిఫోను కంపెనీ ప్రయోగశాలలో, ఈ పని తీరిక వేళలలో. బండ్లకొద్దీ తవుడునుంచి గ్రాముల లెక్కన తీసి, చివరకు 1936లో కృత్రిమంగా తయారుచేశాడు. ఇక అన్నంనుండి గుండె శక్తిని పుట్టించుకొనేది ఏటిపి రూపంలో. 1929లో దానిని కనుగొన్నవారిలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. థయమిన్ లేకపోతే ఆ ఏటిపి తయారీ మధ్యలో ఆగిపోతుంది. నెల్లూరు, భీమవరం ఈ విధంగా కలిసినవి.

ఈ కథ పూర్తిగా పాతబడినదనుకొనరాదు. 2020లో బెంగుళూరు వైద్యులు మూడు నెలల ఈడు పసిబిడ్డలలో ప్రాణాంతకమైన గుండె, ఊపిరితిత్తుల ఉపద్రవాన్ని వర్ణించారు. తల్లులు తిన్నది పాలిష్ బియ్యం, పాటించినది కఠినమైన బాలింత పత్యం. థయమిన్ ఇంజక్షన్‌తో బిడ్డలు త్వరగా కోలుకొన్నారు. కాశ్మీరునుండీ ఇటువంటి వార్తలు వచ్చినవి. చౌక దుకాణాల బియ్యంలో పోషకాలు కలుపుతామని 2021లో ప్రభుత్వం ప్రకటించినప్పుడు తప్పనిసరి చేసినవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12. బి1ను ఐచ్ఛికంగానే విడిచిపెట్టారు. మన ఇండ్లలో బాలింతకు పప్పు వద్దు, ఆకుకూర వద్దు, కారప్పొడీ తెల్లన్నమూ చాలునని పెద్దలు శాసించడం ఇంకా అక్కడక్కడ ఉన్నది. ఆ నెలలలో దంపుడు బియ్యమో, లేక పప్పు, పల్లీలు, పెసలో పెట్టడానికి ఏ శాస్త్రమూ అడ్డు చెప్పదు.

నాకు ఇంకా తీరని సందేహం మాటను గురించినది. ఇన్ని ఏండ్లు ఇంతమందిని బాధించిన రోగానికి గోదావరి సీమలో వాడుక పేరు ఒకటి ఉండి తీరాలి. ఉబ్బురోగమన్నది అన్ని వాపులకూ వాడేదే. కాళ్ళ తిమ్మిరి, వాపు, గుండెదడ కలిసి వచ్చే వ్యాధికి మీ తాతమ్మలు ఏదైనా ప్రత్యేకమైన పేరు వాడగా విన్నవారుంటే, ఊరి పేరుతో సహా తెలియజేయగలరు.