డే లేట్, డాలర్ షార్ట్

‘డే లేట్, డాలర్ షార్ట్’ అమెరికన్ ప్రయోగాత్మక హెవీ మెటల్ బృందం థ్రోన్స్ అరుదైన పాటల సంకలనం. లాస్ ఏంజెలిస్‌కు చెందిన సదరన్ లార్డ్ సంస్థ దీన్ని 2005లో విడుదల చేసింది. బృందం అనడం మాటవరసకే. పాడేది, బేస్ గిటార్ వాయించేది, డ్రమ్ మెషీన్‌కు తాళం ఎక్కించేది, వేదిక మీద వైర్లు కలుపుకునేది అన్నీ జో ప్రెస్టన్ ఒక్కడే. 1990లలో చిన్న చిన్న రికార్డుల మీద, పలు బృందాల ఉమ్మడి సంకలనాల్లో చెదిరిపోయిన అతని పాటలు ఇందులో ఒకచోటికి చేరాయి.

పేరు ఇంగ్లీషు నానుడి: రావలసిన నాటికి ఒక రోజు ఆలస్యం, ఇవ్వవలసిన సొమ్ముకు ఒక డాలరు తక్కువ. సంత ఎత్తేశాక చాలీచాలని చిల్లరతో దిగినవాడి అవస్థ అన్నమాట. పాత పాటల్ని ఏళ్ల తర్వాత మూటగట్టి అమ్ముతూ సంగీతకారుడు తనమీద తానే వేసుకున్న జోకు ఇది.

జో ప్రెస్టన్

ప్రెస్టన్ అమెరికా వాయవ్య మూలన ఉన్న వాషింగ్టన్ రాష్ట్రపు సంగీత వాతావరణంలోంచి వచ్చాడు. నిర్వాణా బృందం ప్రపంచానికి తెలిసింది కూడా ఆ ప్రాంతం నుంచే. డిలన్ కార్ల్‌సన్ నడిపిన ఎర్త్ బృందంలో ప్రెస్టన్ బేస్ వాయించాడు. ఆ బృందం తొలి రికార్డు ‘ఎక్స్‌ట్రా క్యాప్సులర్ ఎక్స్‌ట్రాక్షన్’ 1991లో వచ్చింది. ఒకే స్వరాన్ని నిమిషాల తరబడి సాగదీసి, అది గదంతా నిండాక గానీ తర్వాతి స్వరానికి కదలకపోవడం ఎర్త్ పద్ధతి. తంబురా శ్రుతిని పెద్ద యాంప్లిఫయర్‌లో పెట్టి కొలిమిలో కాల్చితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

ఆ తర్వాత మెల్విన్స్ బృందంలో చేరి కొద్దికాలమే ఉన్నాడు. 1992లో ఆ బృందం వేసిన ‘లైసోల్’ ఆల్బమ్‌లో బేస్ అతనిదే. నేల తుడిచే మందు పేరు పెట్టారని ఆ మందు కంపెనీ అభ్యంతరం చెప్పడంతో అట్ట మీద పేరు కప్పేసి అమ్మాల్సి వచ్చింది. అదే ఏడాది మెల్విన్స్ ముగ్గురు సభ్యులూ తలా ఒక సొంత రికార్డు వేశారు. 1978లో కిస్ బృందం సభ్యులు విడివిడిగా వేసిన నాలుగు ఆల్బమ్‌ల అట్టలకు ఈ మూడు రికార్డుల అట్టలూ పేరడీలు. ముగ్గురిలో ప్రెస్టన్ రికార్డే తిక్కది. దాని చివరి పాట ఒక్కటే ఇరవై నిమిషాలు దాటుతుంది. థ్రోన్స్‌కు విత్తనం అక్కడే పడిందని చెప్పవచ్చు.

మనిషి, యంత్రం

ఒక్కడే బృందమంతా కావడం తెలుగువాళ్లకు వింత కాదు. రాయలసీమ పల్లెల్లో తత్వాలు పాడే మనిషిని తలుచుకోండి: భుజాన తంబురా, ఒక చేతి వేళ్లు తీగ మీద, రెండో చేతిలో చిడతలు, కాళ్లకు గజ్జెలు. గొంతు పాడుతుంటే కాలు తాళం వేస్తుంటుంది. హరికథ దాసుకు వెనక పక్కవాద్యాలుంటాయి, ఇతనికి అవీ ఉండవు. థ్రోన్స్ అమరికా ఇంతే. తంబురా బదులు బేస్ గిటార్, గజ్జెల బదులు డ్రమ్ మెషీన్, వాటికి తోడు కీబోర్డు.

డ్రమ్ మెషీన్ వేరు, మన పెళ్లి ఆర్కెస్ట్రాల్లో కనిపించే రిథమ్ ప్యాడ్ వేరు. ప్యాడ్‌ను మనిషి పుల్లలతో కొడతాడు. మెషీన్‌కు ముందే చెప్పిపెడితే దానంతటదే మోగుతుంది. భజన మందిరంలో కీబోర్డు మీద మీట నొక్కగానే మొదలయ్యే డోలు చప్పుడుకు ఇది అన్న. దాని గుణమూ దోషమూ ఒకటే: మనిషి అలిసిపోయి తాళం జారితే అది జారదు, ఊపు వచ్చి పాట పరుగెత్తితే అది పరుగెత్తదు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో 1988లో మొదలైన గాడ్‌ఫ్లెష్ బృందం ఈ మొండితనాన్నే మెటల్ సంగీతానికి బలంగా మార్చింది. ప్రెస్టన్ దానికి వెక్కిరింపు కూడా కలిపాడు. అతని తాళాలు ఒక్కోసారి గుండె మీద రోకలి దంచినట్టు ఉంటాయి, ఒక్కోసారి ఆడుకునే బొమ్మ తీగ తెగి మోగినట్టు ఉంటాయి.

గొంతు సంగతి ఇంకోటి. చాలా పాటల్లో అతని గొంతును యంత్రాల గుండా పంపి వంకర తిప్పి వినిపిస్తాడు. అందులో ప్రధానమైనది వోకోడర్. మాట తీరును విడదీసి వాద్యపు ధ్వని మీద అచ్చుగుద్దే ఈ పరికరాన్ని 1930లలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో హోమర్ డడ్లీ రూపొందించాడు. టెలిఫోన్ తీగల మీద తక్కువ చోటులో మాటను పంపడానికి పుట్టిన పరికరం సంగీతంలోకి వచ్చి రోబో గొంతుగా స్థిరపడింది. మెటల్ గాయకులు మామూలుగా గొంతు చించుకుని రాక్షసులు కావాలని చూస్తారు. ప్రెస్టన్ యంత్రం కావాలనుకున్నాడు. భయం దీనిలోనే ఎక్కువ అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

సంకలనం

థ్రోన్స్ పేరిట ‘అల్‌రౌనె’ 1996లోనూ, ‘స్పెర్మ్ వేల్’ 2000లోనూ వచ్చాయి. వాటి మధ్య, చుట్టూ వచ్చినవి ఎక్కువగా ఏడంగుళాల రికార్డులు. నిమిషానికి 45 చుట్లు తిరిగే ఈ రికార్డులో ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలకు మించి పట్టదు. చిన్న సంస్థలు కొద్ది కాపీలు వేసేవి, అవి అయిపోతే మళ్లీ వేసేవాళ్లుండరు. ఉన్నవాడు అమ్మడు, లేనివాడికి దొరకదు. ఇలాంటి పాటల్ని అభిమానులు ‘రేరిటీస్’ అంటారు.

తనకల్లు, కదిరి వైపు పాఠకులకు దీనికి పాత ఉపమానం దగ్గర్లోనే ఉంది. కటారుపల్లిలో సమాధి ఉన్న వేమన పద్యాలు తాటాకుల మీదా జనం నోళ్లలోనూ చెదిరి ఉంటే సి.పి. బ్రౌన్ ఏరి, పోల్చి 1829లో అచ్చు వేయించాడు. ఏది వేమనదో, ఏది మకుటం తగిలించిన పరాయిదో తేల్చడం బ్రౌన్‌కు పెద్ద తలనొప్పి. ఇక్కడ పాడినవాడు కళ్లెదుటే ఉన్నాడు గనుక ఆ చిక్కు లేదు.

సంకలనంలో ‘ది సక్లింగ్’, ‘సెనెక్స్’ వంటివి థ్రోన్స్ తొలినాళ్ల నెమ్మది, బరువు తెలిపే పాటలు. ‘రెడ్డిల్‌మన్’ అన్న పేరు కాస్త ఆగి చూడదగ్గది. గొర్రెల ఒంటి మీద గుర్తులు వేయడానికి ఎర్రమన్ను అమ్ముతూ ఊరూరా తిరిగే మనిషిని పాత ఇంగ్లీషులో అలా అనేవారు. థామస్ హార్డీ 1878 నాటి నవల ‘ది రిటర్న్ ఆఫ్ ది నేటివ్’లో అలాంటివాడు ఒక ముఖ్య పాత్ర. మన్ను అంటీ అంటీ ఒళ్లంతా ఎర్రబడి, పిల్లలు జడుసుకునేలా ఉంటాడు. మంద మీద రంగు చుక్క చూసి ఇవి ఎవరి గొర్రెలో చెప్పగలిగే సీమలో ఈ బొమ్మ తేలిగ్గా కళ్లకు కడుతుంది.

పరాయి పాటలు

ఈ సంకలనానికి అసలు రుచి ఇతరుల పాటల్ని ప్రెస్టన్ తన యంత్రాల మీద తిరగతోడిన చోట ఉంది. ‘బ్లాక్ బ్లేడ్’ బ్లూ ఆయిస్టర్ కల్ట్ 1980లో పాడింది. ఆత్మలు తాగే కత్తి గురించిన ఆ పాట రచనలో కాల్పనిక కథల రచయిత మైఖేల్ మూర్‌కాక్ పాలు ఉంది. కత్తి తన యజమానినే ఆడిస్తుందన్నది కథ. అందుకని యంత్రపు గొంతు దానికి అతికినట్టు సరిపోయింది. ‘యంగ్ సావేజ్’ బ్రిటన్‌కు చెందిన అల్ట్రావాక్స్ 1977లో విడుదల చేసిన పరుగు పాట.

‘ఈస్టర్ వుమన్’ ఇంకా విచిత్రం. టోపీ పెట్టిన కనుగుడ్డు ముసుగులతో, పేర్లు బయటపెట్టకుండా పాడిన ది రెసిడెంట్స్ బృందానిది అది. ఒక్కొక్కటి సుమారు నిమిషం ఉండే 40 పాటలతో వాళ్లు 1980లో ‘కమర్షియల్ ఆల్బమ్’ వేశారు. దానిలో మొదటి పాట ఇది. మెటల్ బృందాలు మామూలుగా తమ పెద్దల పాటలనే పాడుకుంటాయి. కత్తి పాటనూ కనుగుడ్ల పాటనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టినవాళ్లు అరుదు. ఆల్బమ్‌ల కంటే ఈ సంకలనంలోనే ప్రెస్టన్ పూర్తిగా దొరుకుతాడు. పక్కన పెట్టిన ముక్కల్లోనే మనిషి ఇష్టాయిష్టాలు దాపరికం లేకుండా కనిపిస్తాయి.

ఆ ఏడాది, ఆ తర్వాత

సంకలనం వచ్చిన 2005లోనే ప్రెస్టన్ బేస్ వాయించిన హై ఆన్ ఫైర్ బృందపు ఆల్బమ్ ‘బ్లెస్డ్ బ్లాక్ వింగ్స్’ కూడా వచ్చింది. దాన్ని రికార్డు చేసినవాడు స్టీవ్ ఆల్బినీ. దానికి ముందు సన్ బృందం ‘వైట్’ ఆల్బమ్‌ల పనిలోనూ ప్రెస్టన్ పాలుపంచుకున్నాడు. ఒంటరి బృందం పెట్టుకున్నవాడు ఇతరుల బృందాల్లో ఇంతగా పనికిరావడం విశేషమే.

ఇక మన దగ్గరికి వస్తే, తెలుగు నేల మీద మెటల్ అంటే ప్రధానంగా హైదరాబాదే. అక్కడి డెత్ మెటల్ బృందం గాడ్‌లెస్ తొలి పూర్తి ఆల్బమ్ ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ 2021లో వచ్చింది. సీమలో ఈ సంగీతం మీద మోజు పడ్డవాళ్లకు దగ్గరి ఊరు మాత్రం బెంగళూరు. 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా పాడింది అక్కడే.

వినదలచినవారికి ఒక మాట. బేస్ గిటార్ అన్నిటికన్నా లావు తీగ మామూలు శ్రుతిలో సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. సెల్‌ఫోన్ స్పీకర్ అంత లోతు ధ్వనిని పలికించలేదు. మంచి హెడ్‌ఫోన్లో పెద్ద స్పీకర్లో లేకపోతే థ్రోన్స్ పాటలో సగం చెవిన పడదు.