ఇది ప్రభువు మాటా, మన మాటా?

క్రీ.శ. 55 ప్రాంతంలో కొరింథు సంఘం పెళ్లి గురించి పౌలును కొన్ని ప్రశ్నలు అడిగింది. భార్యాభర్తలు విడిపోకూడదన్నది ప్రభువు ఆజ్ఞ అని ఆయన రాశాడు. అవిశ్వాసితో కాపురం చేస్తున్నవారి సంగతి వచ్చేసరికి, ఈ మాట చెబుతున్నది తానే గాని ప్రభువు కాదన్నాడు. కన్యకల విషయంలో తన దగ్గర ఆజ్ఞేమీ లేదని, ఉన్నది అభిప్రాయమేనని చెప్పాడు. అపొస్తలుడి హోదాలో అన్నింటినీ ఆజ్ఞలుగానే రాసినా అడిగేవారు లేరు. అయినా ఏ మాట ఎవరిదో విడదీసి చూపించాడు.

నాలుగో శతాబ్దం చివర్లో ఆగస్టీన్ తల్లి మోనికాకు ఇలాంటి సందేహమే వచ్చింది. రోములో శనివారం ఉపవాసం ఉంటారు, మిలాన్‌లో ఉండరు. ఏది సరైనది? బిషప్ ఆంబ్రోస్‌ను అడిగితే, రోముకు వెళ్తే ఉపవాసం ఉంటాను, ఇక్కడ ఉంటే ఉండను అన్నాడు. తర్వాత ఆగస్టీన్ ఈ సంగతిని ఒక లేఖలో రాస్తూ, లేఖనాలు చెప్పినవి, సంఘమంతా పాటించేవి వేరు, ఊరూరికీ మారేవి వేరు అని తేల్చాడు.

కాలం గడిచేకొద్దీ ఆ తేడా చెరిగిపోయింది. ఉపవాస నియమాలు చట్టాలయ్యాయి.

1522 మార్చిలో, మాంసం నిషేధమైన లెంట్ ఉపవాస రోజుల్లో, జ్యూరిక్‌లో ముద్రాపకుడు క్రిస్టోఫ్ ఫ్రోషౌవర్ ఇంట్లో పనివాళ్లు ఫ్రాంక్‌ఫర్ట్ సంతకు పుస్తకాలు సిద్ధం చేస్తూ అలసిపోయారు. పొగబెట్టిన సాసేజీలు కోసి పంచుకున్నారు. అక్కడే ఉన్న పాస్టర్ జ్వింగ్లీ తినలేదు. కానీ ఫ్రోషౌవర్‌ను అరెస్టు చేశాక, ఉపవాసం ఉండదలచినవారు ఉండవచ్చు గాని దాన్ని ఇతరుల మీద రుద్దే హక్కు ఎవరికీ లేదని ప్రసంగించాడు.

అయితే, ఏదైనా ఇష్టానికే వదిలేయవచ్చా? 1548లో కేథలిక్ చక్రవర్తి ఒత్తిడి కింద కొన్ని పాత ఆచారాలను ఒప్పుకోవచ్చని లూథరన్ వేదాంతి మెలాంక్తన్ భావించాడు. బలవంతం చేస్తున్నప్పుడు చిన్న ఆచారం కూడా విశ్వాసానికి పరీక్షేనని మరో లూథరన్ వేదాంతి ఫ్లాషియస్ ఎదురు తిరిగాడు. 1577 నాటి లూథరన్ ఒప్పందం ఇద్దరి మాటలోని సత్యాన్నీ గుర్తించింది. మామూలు రోజుల్లో ఆచారాలు మార్చుకోవచ్చు, హింస ఎదురైనప్పుడు లొంగకూడదు.

మన దేశంలో ఈ చిక్కు ఇంకా జటిలమైంది. 1606లో మధురైకి వచ్చిన జెస్యూట్ మిషనరీ రాబర్ట్ దె నొబిలి జంధ్యం, పిలక, గంధం సామాజిక గుర్తులేనని వాదించాడు. 1623లో పోప్ పదిహేనవ గ్రెగరీ షరతులతో వాటిని అనుమతించాడు. కానీ అదే వాదన అడ్డుపెట్టుకుని కులం కూడా చర్చిలో తిష్ఠ వేసింది. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ కులభేదాన్ని పూర్తిగా వదలాల్సిందేనని ఆదేశించాడు. పొరుగువాడిని అంటరానివాడిగా చూడటం రుచికీ, అలవాటుకీ సంబంధించిన విషయం కాదు గదా!

నేటి తెలుగు సంఘాల్లో గొడవ బొట్టు, పూలు, నగల చుట్టూ తిరుగుతోంది. నిరాడంబరత గురించి పేతురు, తిమోతి పత్రికల్లో మాటలున్న సంగతి నిజమే. వాటిని ఆధారం చేసుకుని ఒక సంఘం తనకంటూ క్రమం పెట్టుకోవచ్చు. దాన్ని మా సంఘ క్రమం అని చెబితే సభ్యులు అర్థం చేసుకుంటారు. అలా కాకుండా దేవుని ఆజ్ఞ అని ప్రకటించి, గాజులు వేసుకున్న సోదరికి ప్రభువు బల్ల నిరాకరిస్తే, పౌలు కొరింథువారి ముందు పాటించిన నిజాయితీని ఆ పెద్దలు పక్కన పెట్టినట్టే.