వరస వదిలితే దొరికిన వేగం

కడపలో రైలెక్కిన రాఘవేంద్రస్వామి భక్తులు తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, ఆదోని దాటి మంత్రాలయం రోడ్డు స్టేషన్లో దిగుతారు. ఊళ్లను నోడ్లు, వాటిని కలిపే దారులను ఎడ్జ్‌లు అనుకుంటే అదొక గ్రాఫ్. ఒక ఊరి నుంచి మిగతా ఊళ్లన్నిటికీ అతి దగ్గరి దారి ఎంత? ఈ ప్రశ్నకు దాదాపు డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో నన్ను ఆకట్టుకునేది ఒక్కటే: ప్రశ్న అడగని పనిని గుర్తుపట్టి మానుకోవడం.

డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన పద్ధతి, దూరం ఇంకా ఖరారు కాని ఊళ్లలో అన్నిటికన్నా దగ్గరిదాన్ని ఎంచి ఖరారు చేస్తూ పోతుంది. ఆ ఎంపికలోనే ఖర్చంతా ఉంది. 1984లో ఫ్రెడ్‌మన్, టార్జన్ ఫిబొనాచి హీప్‌తో, అంటే అతి చిన్నదాన్ని చప్పున అందించే దత్తాంశ అమరికతో, దాన్ని తగ్గించారు. ఎన్ నోడ్లు, ఎమ్ ఎడ్జ్‌లు ఉన్నచోట పని 'ఎమ్ + ఎన్ లాగ్ ఎన్' స్థాయికి దిగి, అక్కడ ఆగింది. ఈ పద్ధతి దూరాలతోపాటు ఊళ్లను దగ్గరి నుంచి దూరానికి పేరుస్తుంది. పోలికలతో పేర్చడానికి ఎన్ లాగ్ ఎన్ తప్పదు. కానీ మంత్రాలయం ఎంత దూరమని అడిగినవారికి అనంతపురం దగ్గరో నంద్యాల దగ్గరో తేల్చి చెప్పాలా?

అక్కర్లేదని 1999లో థోరప్ ఒక మేరకు నిరూపించాడు. దారులు రెండువైపులా నడిచేవై, దూరాలు పూర్ణసంఖ్యలైతే, కచ్చితమైన వరస లేకుండానే ఎడ్జ్‌ల సంఖ్యకు తగినంత పనితో లెక్క ముగించాడు.

2007లో ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ నుంచి పవన్ హరీష్, పి.జె. నారాయణన్ వరసను యంత్రం వైపు నుంచి వదిలారు. నోడ్‌కొక థ్రెడ్ చొప్పున, దూరం మారిన నోడ్లన్నీ ఒక్కసారే పొరుగు నోడ్ల దూరాలను సవరిస్తాయి. కొంత పని మళ్లీ మళ్లీ జరిగినా కాలం కలిసొచ్చింది: 600 డాలర్ల గ్రాఫిక్స్ కార్డు మీద కోటి నోడ్ల గ్రాఫ్‌కు 1.5 సెకన్లు.

ఇటీవలి రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టి చదవాలి. దూరాల వరస కూడా కావాలంటే, తగిన హీప్‌తో డైక్‌స్ట్రా పద్ధతి ప్రతి గ్రాఫ్ మీదా ఉత్తమమని 2024లో హాయ్‌ప్లర్, టార్జన్ తదితరులు నిరూపించారు. దూరాలే చాలనుకుంటే, 2025లో చింగ్‌హువా విశ్వవిద్యాలయానికి చెందిన రాన్ డువాన్ బృందం ఆ పాత గట్టు దాటింది. వారి పద్ధతి, ఖరారైన వాటి అంచున ఉన్న సరిహద్దు నోడ్లన్నిటినీ పేర్చకుండా, ఎడ్జ్‌ల వెంట దూరాలను పదేపదే సవరించే బెల్‌మన్–ఫోర్డ్ పద్ధతిలో కొన్ని అడుగులు వేసి, కీలకమైన కొద్ది నోడ్లనే పట్టుకుంటుంది. పని ఎమ్‌ను లాగ్ ఎన్ 2/3వ ఘాతంతో హెచ్చించినంత. దారులు పలచగా ఉన్న గ్రాఫ్‌లలో ఇది సిద్ధాంతపరంగా డైక్‌స్ట్రాకన్నా తక్కువ.

అంటే డైక్‌స్ట్రా ఓడిపోలేదు. ఆయన పద్ధతి ఏ ప్రశ్నకు జవాబో ఇప్పుడు తేలింది.