థేమ్సు నది చిత్రాలలో పొగ చరిత్ర

గడచిన కాలపు గాలి ఎట్లుండెనో తెలుసుకొనడం సులభం కాదు. గాలిలోని మసిని, గంధక వాయువులను క్రమపద్ధతిలో కొలవడం ఇరవయ్యవ శతాబ్దంలోనే వ్యాపించినది. అంతకుముందు లండను నగరపు గాలిని గూర్చి ఒక చిత్రకారుడు మనకు సాక్ష్యం చెప్పగలడా?

ఆ చిత్రకారుడు ఫ్రాన్సు దేశస్థుడైన క్లాడ్ మోనే (1840–1926). 1899, 1900, 1901 సంవత్సరాలలో ఆయన లండనుకు వచ్చి థేమ్సు నదిని చిత్రించినాడు. సెవాయ్ హోటలునుండి వాటర్లూ, చేరింగ్ క్రాస్ వంతెనలను, ఎదుటి ఒడ్డునున్న ఒక ఆసుపత్రినుండి పార్లమెంటు భవనాన్ని చూచి సుమారు వంద చిత్రాలు వేసినాడు. వాటర్లూ వంతెన వెనుక కర్మాగారాల పొగగొట్టాలు కనిపిస్తాయి. వంతెనలు, గోపురాలు మాత్రం మసకలో కరిగిపోతున్నట్లుంటాయి.

ఈ మసకకు కారణమేమి? బొగ్గు మండినప్పుడు మసితోబాటు సల్ఫర్ డయాక్సైడు వెలువడుతుంది. అది గాలిలో మార్పుచెంది అతిసూక్ష్మమైన సల్ఫేటు కణాలవుతుంది. అవి తేమను పీల్చుకొని ఉబ్బి, కాంతిని అన్నివైపులకు చెదరగొడతాయి. దూరపు వస్తువునుండి రావలసిన వెలుగులో కొంత దారిలోనే చెదరిపోతుంది. పక్కలనుండి చెదరిన వెలుగు వచ్చి కంటిలో పడుతుంది. అందుచేత వెలుగునీడల భేదం తగ్గి, అంచులు చెరిగి, దృశ్యం తెల్లబడుతుంది.

అయితే చిత్రకారుడు కల్పన చేసి ఉండవచ్చు గదా! పైగా మోనే ఈ చిత్రాలలో అనేకాన్ని స్వదేశానికి వెళ్ళిన పిమ్మట పూర్తిచేసినాడు. ఈ సందేహాన్ని శాస్త్రజ్ఞులు రెండు విధాల పరీక్షించినారు. 2006లో బేకర్, థోర్న్స్ అనేవారు పార్లమెంటు చిత్రాలలో సూర్యుడున్న చోటును భవనపు ఆకారాన్ని కొలబద్దగా చేసుకొని లెక్కగట్టినారు. లెక్కలో వచ్చిన తేదీలు మోనే ఇంటికి వ్రాసిన ఉత్తరాల తేదీలతో సరిపోయినవి. 2023లో ఆల్‌బ్రైట్, హైబర్స్ అనేవారు ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ చిత్రాలు 60, మోనే చిత్రాలు 38 పరిశీలించినారు. సల్ఫర్ డయాక్సైడు పెరిగినకొద్దీ చిత్రాలలో వెలుగునీడల భేదం తగ్గినది. ఆ మార్పులో సుమారు 61 శాతం ఈ ఒక్క కారణంతో పొసగుచున్నదని వారు తేల్చినారు.

మోనే కంటిచూపు మందగించినందువల్లనే ఇట్లు వేసినాడనుట కుదరదు. ఆయన కంటిలో శుక్లాలున్నవని వైద్యులు నిర్ధారించినది 1912లో. లండను ప్రయాణాలు అప్పటికి ముగిసి పదేండ్లు దాటినవి. చిత్రకారుని అభిరుచికి ఇందులో పాలు లేదని దీని అర్థం కాదు. మిగిలిన భాగంలో అదీ ఉండవచ్చును.

మోనేకు ఆ పొగమంచు అందంగా తోచినది. లండను ప్రజలు దానినే పీల్చి బ్రతికినారు. 1952 డిసెంబరు 5 నుండి 9 వరకు ఆ నగరాన్ని కమ్మిన పొగమంచువల్ల సుమారు 4,000 మంది మరణించినారని మొదట అంచనా వేసినారు. తరువాతి పరిశోధకులు ఆ సంఖ్య 12,000 వరకు ఉండవచ్చునన్నారు. 1956లో పొగను అరికట్టుటకు చట్టం వచ్చినది. అర్ధశతాబ్దానికి ముందే కాన్వాసుమీద కనిపించిన పొగను చట్టం గట్టిగా అరికట్టుటకు ఇన్ని ప్రాణాలు పోవలసివచ్చినది.