ఉప్పునీళ్ళ గాలం, చెరువు గాలం

మా బంధువుల్లో నెల్లూరు తీరం నుంచి ఉద్యోగాలకని వేలూరు, గుడియాత్తం వచ్చి స్థిరపడినవాళ్ళు ఉన్నారు. సముద్రంలో గాలం వేసిన అలవాటుతోనే ఇక్కడ చెరువు గట్టెక్కినారు. "ఎక్కడైనా చేప చేపే కదా" అంటారు మా పిల్లలు. కాదు. ఆ రెండు నీళ్ళ చరిత్రలు వేరు.

1909లో వచ్చిన థర్‌స్టన్ కులాల గ్రంథం ప్రకారం తమిళ తీరంలో సముద్రం మీదికి పోయేవాళ్ళు పట్టణవర్లు. చెరువుల్లో, ఏరుల్లో చేపలు పట్టేవాళ్ళు సెంబడవర్లు, వీళ్ళు సముద్రం జోలికి పోరు. మన తెలుగువైపు ఏటి పని బెస్తవాళ్ళది.

ఇంగ్లీషువాళ్ళూ ఈ తేడాను గుర్తించినారు. మద్రాసు సర్కారు వైద్యుడు ఫ్రాన్సిస్ డే కొచ్చిన్‌లో ఉండగా మలబారు చేపల మీద 1865లో పుస్తకం తెచ్చాడు. తరువాత దేశం లోపలి నీళ్ళు తిరిగి 1873లో మంచినీటి చేపల మీద నివేదిక ఇచ్చాడు. ఆనకట్టలు చేపల దారికి అడ్డమనీ, సన్నకన్నుల వలలు పిల్లచేపలను ఊడ్చేస్తున్నాయనీ అందులో చెప్పాడు. 1887లో మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివన్ థామస్ ఒక్క చెరువు గాలం మీదే పుస్తకం రాశాడు. 1897 చట్టం నీళ్ళలో మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడాన్ని నేరం చేసింది.

మావాళ్ళు మార్చుకున్నవి ఇవి. సముద్రం దగ్గర ఆటుపోటు చూస్తారు, అలకు కొట్టుకుపోకుండా బరువైన సీసం కడతారు. చెరువుకు ఆటుపోటు లేదు, తెల్లవారుజాము, సాయంత్రమే వేళ. సీసం తగ్గించి బెండు కట్టి, దాని కదలికనే చూస్తూ కూర్చోవాలి. బొచ్చె పైనీళ్ళలో, రాగండి నడిమినీళ్ళలో, ఎర్రమోసు అడుగున మేస్తాయి. కొర్రమీనును ఇక్కడ విరాల్ అంటారు. అది గాలి పీల్చను పైకి వస్తుంది. అక్కడే చిన్న కప్పను ఎరగా వేస్తారు. గుడియాత్తంలో జిలేబి అనే తిలాపియా మన దేశానికి వచ్చింది 1952లో.

అన్నిటికంటే పెద్ద తేడా నీళ్ళే. సముద్రంలో చేపను వెతకాలి, ఇక్కడ ముందు నీళ్ళను వెతకాలి. కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టి, చిత్తూరు జిల్లా మీదుగా వచ్చే పాలారు ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. గుడియాత్తం ఒడ్డున పారే కౌండిన్య పలమనేరు వైపు నుంచి వస్తుంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా పలమనేరు, గుడియాత్తం రెండూ ఉత్తర ఆర్కాటులోనే. సరిహద్దు మారింది కానీ ఏరు దారి మారలేదు.

ఉన్న నీళ్ళూ బాగుండాలి. తోలు కార్ఖానాల మురికి పాలారులో కలుస్తోందని వేలూర్ సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం వేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు, పాడుచేసినవాళ్ళే ఖర్చు భరించాలని తీర్పిచ్చింది. ఈ దేశపు పర్యావరణ కేసుల్లో నేటికీ చెప్పుకునే తీర్పు అది.

చెరువు చేపకు పాట ఉంటుంది. వేలంలో పాడుకున్నవాళ్ళను అడిగే గాలం వేయాలి. సముద్రం దగ్గర పెరిగినవాళ్ళకు ఈ అడగడమే కొత్త. మా పిల్లలకు మేము మొదట నేర్పేదీ అదే: ఈ చెరువు ఎవరిది, నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయి? గాలం తరువాత. మీ పెద్దలకు తెలిసిన చేపల పేర్లు తెలుగులోనూ, తమిళంలోనూ రాసి పెట్టుకోండి.