తవుడు ఎవరు తిన్నారు?

మా వారి రక్తపరీక్ష కాగితం వచ్చిన రోజు రాత్రి భోజనాల దగ్గర మొదలైంది ఈ గొడవ. "షుగరు ఇంకా గీత దాటలేదు, గీత మీదే ఉంది. అన్నం తగ్గించండి, కాస్త నడవండి" అన్నారట డాక్టరుగారు. మా వారికి అన్నం తగ్గించమనడమంటే ఇంటిపేరు మార్చుకోమన్నంత పని. "మా నాయనమ్మ మూడు పూటలా అన్నమే తింది. ఎనభై ఆరేళ్ళు బతికింది. ఆవిడకి రాని షుగరు నాకెందుకొస్తుంది?" అని వాదన.

మా అత్తగారు మజ్జిగ పోసుకుంటూ తలెత్తకుండానే, "తిందిరా. దంచుకుని తింది" అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. ఎప్పుడో చదివిన చరిత్ర ఎం.ఏ. ఇప్పటికి అక్కరకొచ్చింది అనుకుని, నెల రోజులపాటు మధ్యాహ్నాలన్నీ బియ్యం చరిత్ర చదువుతూ కూర్చున్నాను. ముందు అత్తగారినే అడిగాను. గోదావరి జిల్లాలో వాళ్ళ పుట్టింట్లో వారానికోసారి దంపుళ్ళు ఉండేవట. ఒక రోలు, రెండు రోకళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరి రోకలి లేచినప్పుడు రెండోవాళ్ళది పడాలి, లయ తప్పితే వేళ్ళు నలుగుతాయి. దంచాక ఊక చెరగడం, మళ్ళీ దంచడం, జల్లించడం. తవుడు గేదెకి, నూకలు జావకి. ఒక్కసారే నెలకి సరిపడా దంచుకోవచ్చు కదా అంటే, "మక్కిపోదూ?" అన్నారు. ముడిబియ్యం పైపొరలో నూనె ఉంటుంది, నిలవ చేస్తే వాసన వస్తుంది. తెల్ల బియ్యమైతే ఏళ్ళ తరబడి బస్తాలో పడి ఉంటుంది. వ్యాపారికి తెల్ల బియ్యం మీద ప్రేమ ఎందుకో అక్కడే అర్థమైంది.

ఊక కింద గింజని అంటిపెట్టుకుని గోధుమరంగు పొర ఒకటుంటుంది. పీచు, బి విటమిన్లు చాలావరకు అందులోనూ, గింజ కొసన ఉండే మొలకలోనూ ఉంటాయి. మర ఆ రెండిటినీ గీకేస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో చూస్తే, ముడిబియ్యంలో ఉన్న బి1లో తెల్ల బియ్యంలో మిగిలేది దాదాపు ఐదో వంతు. మిగిలింది గంజి పిండి. పీచు అడ్డు లేని పిండి తొందరగా అరిగి, తొందరగా రక్తంలో చక్కెరై కూర్చుంటుంది. మా వారి సంగతి ఇది. మన జిల్లాల సంగతి ఇంకా పాతది, ఇంకా బాధాకరమైనది.

గంజాం నుంచి గుంటూరు దాకా ఉన్న తీరాన్ని ఇంగ్లీషువాళ్ళు ఉత్తర సర్కారులు అనేవాళ్ళు. కాళ్ళు తిమ్మిరెక్కి, వాచి, నడక పడిపోయి, చివరికి గుండె మీదికి వచ్చే బెరిబెరి జబ్బుకి ఈ తీరం పేరుమోసింది. మద్రాసు సైన్యంలో డాక్టరు మాల్కమ్‌సన్ దీని మీద 1835లో ఒక పుస్తకమే రాశాడు. ఆ సంవత్సరం చూసి నేను ఆగిపోయాను. 1835 నాటికి కోస్తాలో బియ్యం మరలు ఎక్కడివి? ధవళేశ్వరం ఆనకట్టే ఇంకా కట్టలేదు, అది 1847లో మొదలై 1852కి పూర్తయింది. అంటే రోకళ్ళ కాలంలోనే ఈ జబ్బు ఉంది. మరొచ్చాకే జబ్బులొచ్చాయని ఫోన్లో తిరిగే సందేశాలు చెప్పేదంత తేలిక కాదు ఈ కథ. రోకలితోనైనా తెల్లగా వచ్చేదాకా దంచి, నాలుగు నీళ్ళు కడిగి, గంజి వార్చేసి, ఆ అన్నంలోకి పప్పూ కూరా సరిగ్గా లేకపోతే కంచంలో మిగిలేదేమిటి? కడుగునీళ్ళు కుడితి తొట్టిలోకి, తవుడు గేదెకి. విటమిన్లన్నీ మన గేదెలు తాగాయి, పాపం మనుషులకి కాళ్ళు వాచాయి. మర వచ్చి చేసిందల్లా, ఏ కొద్దిమందికో దక్కే ఆ తెలుపుని అందరికీ చవగ్గా అందించడం.

కారణం ఎలా తెలిసిందన్న కథ వంటింటివాళ్ళకి నచ్చుతుంది. 1890ల్లో జావా దీవిలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నం కోళ్ళకి పెట్టించేవాడు. కోళ్ళకి కాళ్ళు పడిపోయాయి. కొన్నాళ్ళకి వాటంతటవే కోలుకున్నాయి. ఆరా తీస్తే, కొత్తగా వచ్చిన వంటవాడు "సైన్యం బియ్యం కోళ్ళకెందుకు" అని ముడిబియ్యం వేయిస్తున్నాడట! 1929లో నోబెల్ ఐక్‌మన్‌కి వచ్చింది, వంటవాడికి రాలేదు.

ఆ తవుడులో ఉన్నదేమిటో విడదీసి, 1936లో దాన్ని కృత్రిమంగా తయారు చేసి చూపించినవాడు రాబర్ట్ విలియమ్స్ అనే అమెరికన్. ఆయన పుట్టింది ఎక్కడనుకున్నారు? 1886లో మన నెల్లూరులో, మిషనరీ దంపతులకి. తర్వాత మనీలాలో ఉద్యోగంలో ఉండగా, 1910లో, ఒక సైనిక డాక్టరు తవుడు కషాయం తెచ్చి ఇచ్చి ఇందులో జబ్బు తగ్గించేదేమిటో కనుక్కోమన్నాడు. అక్కణ్ణుంచి ఇరవై ఆరేళ్ళు పట్టింది.

మన దేశంలో ఈ పని 1918లో కూనూరులో ఒక చిన్న గదిలో మొదలైంది. మెకారిసన్ అనే డాక్టరు ఆధ్వర్యంలో నడిచిన దాని పేరే బెరిబెరి విచారణ. అదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకి మారి, ఇవాళ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా ఉంది. రోజూ బస్సులో దాని ముందునుంచే వెళ్ళేదాన్ని, కోస్తా జిల్లాల కాళ్ళనొప్పితో దానికి చుట్టరికం ఉందని తెలియదు. అరవవాళ్ళు తినే ఉప్పుడు బియ్యంలో ఈ విటమిన్ ఎక్కువ మిగులుతుందని కూడా ఆ పరిశోధనలవల్లే గట్టిపడింది. ధాన్యాన్ని నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరలోని సత్తువ కొంత గింజ లోపలికి దిగుతుంది, ఆ తర్వాత మర పట్టినా పోదు. మన మిల్లుల్లోనే ఉప్పుడు బియ్యం తయారు చేసి కేరళకి, తమిళనాడుకి పంపుతాం. మనం మాత్రం ఆ వాసన గిట్టదంటాం.

ఇంత తెలిశాక రోకలే ఎందుకు మిగల్లేదు? గాంధీగారు 1934లో గ్రామోద్యోగ సంఘం పెట్టించి దంపుడు బియ్యం తినమని ఊరూరా చెప్పారు. 1958లో కేంద్రం మరలకి లైసెన్సులు పెట్టి చట్టం చేసింది, దంపుడు పనివాళ్ళని కాపాడటం దాని ఉద్దేశాల్లో ఒకటి. అయినా మరే గెలిచింది. ఎందుకో నేను పుస్తకాల్లో వెతుకుతుంటే అత్తగారు తన కుడి అరచెయ్యి చూపించారు. బొటనవేలి కింద గట్టిపడిన చర్మం ఇప్పటికీ ఉంది. "ఊళ్ళో మర పెట్టిన రోజు మా అమ్మ కొబ్బరికాయ కొట్టించిందే అమ్మాయ్" అన్నారు.

దంపుడు బియ్యం గొప్పదనం రాసిన పెద్దలు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఎంతమంది దంచారో! మర తీసేసింది తవుడు ఒక్కటే కాదు, తెల్లవారకముందే మొదలయ్యే ఒక చాకిరీని కూడా తీసేసింది. మామ్మగారికి షుగరు రాకపోవడంలో ఆ బియ్యం వాటా ఎంతో, ఆవిడ ఎత్తిన రోకలి వాటా ఎంతో నేను విడదీసి చెప్పలేను. మా వారు మాత్రం బియ్యం వాటా అడుగుతున్నారు, రోకలి వాటా అడగడం లేదు.

సీమలోనూ తెలంగాణలోనూ కథ ఇంకోలా నడిచింది. అక్కడ మామూలు జనానికి వరి అన్నం పండగ భోజనం, రోజూ తినేది జొన్న రొట్టె, రాగి సంకటి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక తెల్లన్నం రోజువారీ అయింది. ఆకలి తీర్చిన పథకాన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. జొన్నలు మాత్రం పేదవాళ్ళ గాదెల్లోంచి నడుచుకుంటూ వెళ్ళి, ఇప్పుడు మాలాంటివాళ్ళ సూపర్ మార్కెట్లో బియ్యం కన్నా ఎక్కువ ధరకి కూర్చున్నాయి.

మా ఇంట్లో ప్రస్తుతం రెండు డబ్బాలు. సింగిల్ పాలిష్ బియ్యం మధ్యాహ్నానికి, గ్లాసుడు తగ్గించి, ఆ జాగాలో పప్పూ కూరా పెంచి. రాత్రికి జొన్న రొట్టె. మా వారు మొహం మాడ్చుకునే తింటున్నారు గానీ, పొద్దున్నే పార్కుకి వెళ్ళడం మాత్రం రెండు వారాలుగా మానలేదు.

మొన్న ముచ్చటపడి దంపుడు బియ్యం అని రాసి ఉన్న పాకెట్టొకటి కొన్నాను, మామూలు బియ్యానికి రెండింతల ధర. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని చేటలో పోసి చూశారు. గింజలన్నీ ఒకే పొడుగు, ఒకే నునుపు. వేళ్ళతో అటూ ఇటూ జరిపి, "ఒక్క నూక లేదే అమ్మాయ్. ఇది రోకలి మొహం చూసిన బియ్యం కాదు" అని నవ్వి, "సర్లే, తవుడు ఉంది కదా, నానబెట్టు" అన్నారు.